సిజేరియన్ ఎందుకు అవసరమవుతుంది?

సిజేరియన్ అంటే తల్లి పొట్టను, గర్భసంచిని కోసి బిడ్డను బయటికి తీసే శస్త్రచికిత్స. పల్లెల్లో పెద్దాపరేషన్ అంటారు. చాలామందికి వెన్నులోకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, నడుము కింది భాగం మొద్దుబారాక ఆపరేషన్ చేస్తారు. అందువల్ల తల్లి మెలకువగానే ఉండి బిడ్డ తొలి ఏడుపు వింటుంది. పొత్తికడుపు మీద అడ్డంగా పెట్టిన కోత నుంచి బిడ్డ బయటికి రావడానికి పది నిమిషాలు కూడా పట్టకపోవచ్చు. ఆ తర్వాత మాయను తీసి, గర్భసంచిని, దాని పైపొరలను ఒక్కొక్కటిగా కుట్టడానికే మిగతా సమయం పడుతుంది. మొత్తం మీద సుమారు గంట పని. త్వరగా అయిపోతుంది కాబట్టి తేలికైనదిగా అనిపించవచ్చు గానీ, కడుపు కోసి చేసే ఏ ఆపరేషన్‌కూ తీసిపోనిది ఇది. కాబట్టి దీని వెనక స్పష్టమైన వైద్య కారణం ఉండి తీరాలి.

ఆ కారణాలన్నీ ఒకే బరువున్నవి కావు. కొన్నింటిలో సిజేరియన్ తప్ప దారి లేదు. ఆలస్యమైతే తల్లో, బిడ్డో, ఇద్దరూనో దక్కరు. కొన్ని నొప్పులు మొదలయ్యాక గానీ తేలవు. ఇంకొన్ని వినడానికి పెద్ద కారణాల్లాగే ఉంటాయి గానీ, వాటంతట అవి ఆపరేషన్ దాకా తీసుకెళ్లాల్సినవి కావు. డాక్టర్ చెప్పిన కారణం వీటిలో ఏ కోవకు చెందుతుందో తెలిస్తే గర్భిణికీ ఇంటివాళ్లకూ సగం భయం తగ్గుతుంది. ఏమి అడగాలో కూడా తెలుస్తుంది.

నొప్పులు రాకముందే ఖాయమయ్యే కారణాల్లో మొదటిది మాయ ఉన్న చోటు. మామూలుగా అది గర్భసంచి పైభాగంలో అతుక్కుని ఉంటుంది. కొందరిలో కిందికి ఉండి గర్భాశయ ముఖద్వారాన్ని కప్పేస్తుంది. దీన్ని ప్లాసెంటా ప్రీవియా అంటారు. బిడ్డ రావాల్సిన దారికే మాయ అడ్డుపడిందన్నమాట. ముఖద్వారం తెరుచుకునే కొద్దీ మాయ ఊడుతుంది, రక్తం పోతుంది. నెలలు నిండిన గర్భిణి గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం ప్రవహిస్తుంది కాబట్టి ఆ రక్తస్రావం ఎంత ప్రమాదమో ఊహించుకోవచ్చు. ఇలాంటివారికి నొప్పులొచ్చే దాకా ఆగరు. రక్తస్రావం లేకుండా నిలకడగా ఉన్నా 36, 37 వారాల మధ్య ఆపరేషన్ చేస్తారు. అయితే అయిదో నెల స్కానింగులో మాయ కిందికి ఉందని రాగానే కంగారు పడనక్కర్లేదు. గర్భసంచి పెరిగి కింది భాగం సాగే కొద్దీ పదిమందిలో దాదాపు తొమ్మిది మందికి మాయ పైకి జరిగిపోతుంది. ఎనిమిదో నెలలో మరోసారి స్కాన్ తీసి చూశాకే నిర్ణయం.

మాయ సరైన చోటే ఉన్నా, కాన్పుకు ముందే ఊడిపోవడం ఇంకో ప్రమాదం. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారిలో, పొట్టకు దెబ్బ తగిలినవారిలో ఇది జరగవచ్చు. పొట్ట రాయిలా గట్టిపడి, విడవని నొప్పితో, ఎర్రగా రక్తం కనబడితే ఒక్క క్షణం ఇంట్లో ఆగకూడదు. రక్తం లోపలే గడ్డకట్టి బయటికి ఏమీ కనిపించకపోవడం కూడా ఉంది. బిడ్డ గుండె కొట్టుకుంటూ ఉండి, కాన్పు ఇంకా దూరంలో ఉంటే వెంటనే సిజేరియన్ చేయాల్సిందే.

తర్వాతిది బిడ్డ ఉన్న తీరు. నెలలు నిండేసరికి ఎక్కువమంది బిడ్డలు తల కిందికి పెట్టుకుని ఉంటారు. బిడ్డ అడ్డం తిరిగి ఉంటే, అంటే తల ఒక పక్క, పిరుదులు మరో పక్క ఉంటే, సహజంగా పుట్టే వీలే లేదు. నొప్పులు తీవ్రమైతే చెయ్యో భుజమో ముందుకొచ్చి ఇరుక్కుపోతుంది, గర్భసంచి చిట్లే ప్రమాదం వస్తుంది. ఎదురుకాళ్ల బిడ్డ సంగతి ఇంత సూటిగా తేలదు. ఏడో నెలలో అయిదింట ఒక బిడ్డ దాకా పిరుదులు కిందికి పెట్టుకుని ఉన్నా, నెలలు నిండేసరికి అలా మిగిలేది నూటికి ముగ్గురు నలుగురే. ఒకప్పుడు అనుభవమున్న డాక్టర్లు, మంత్రసానులు ఈ కాన్పులు మామూలుగానే చేసేవారు. మొండెం ముందు వచ్చి తల చివర్లో ఇరుక్కోవడమే ఇందులో భయం. 2000లో 26 దేశాల్లో రెండు వేలకు పైగా గర్భిణుల మీద జరిగిన అధ్యయనం ఒకటి, ఎదురుకాళ్ల బిడ్డకు ముందుగా నిర్ణయించుకున్న సిజేరియనే క్షేమమని చెప్పింది. ఆ వెంటనే ప్రపంచమంతా అటు మళ్లింది. అవే కాన్పుల్లో పుట్టిన పిల్లల్ని రెండేళ్ల వయసులో పరీక్షిస్తే రెండు పద్ధతుల మధ్య తేడా కనిపించలేదు. కానీ అప్పటికే కొత్త తరం డాక్టర్లకు ఆ కాన్పు చేసే నేర్పు అందకుండా పోయింది. చేతిలో నేర్పు లేనప్పుడు సిజేరియన్ చేయడమే నిజాయితీ. 36, 37 వారాల్లో పొట్ట పైనుంచి చేతులతో నెమ్మదిగా ఒత్తి బిడ్డను తిప్పే పద్ధతి మాత్రం ఉంది. దాదాపు సగం మందిలో ఫలిస్తుంది. దాని గురించి అడిగే హక్కు ప్రతి గర్భిణికీ ఉంది.

కవల పిల్లలంటే సిజేరియనే అన్న నమ్మకం బలంగా ఉంది. ఇద్దరికీ వేర్వేరు ఉమ్మనీటి సంచులుండి, ముందున్న బిడ్డ తల కిందికి ఉంటే మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చని 2013లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. ఒకే సంచిలో ఉన్న కవలలకు మాత్రం బొడ్డుతాళ్లు పెనవేసుకునే ప్రమాదం ఉంది కాబట్టి ముందే ఆపరేషన్ చేసి తీస్తారు. జననాంగం మీద హెర్పిస్ పొక్కులున్నప్పుడు, హెచ్‌ఐవీ ఉన్న తల్లి రక్తంలో వైరస్ ఎక్కువగా ఉన్నప్పుడు బిడ్డకు సోకకుండా సిజేరియన్ చేస్తారు. మందులు సక్రమంగా వాడి వైరస్‌ను అదుపులో పెట్టుకున్న తల్లి మామూలుగానే ప్రసవించవచ్చు. బీపీ పెరిగినా, గుర్రపువాతం వచ్చినా కాన్పు త్వరగా కావడం ముఖ్యం. అది ఏ దారిన అన్నది ముఖద్వారం ఎంత సిద్ధంగా ఉంది, బిడ్డకు ఎన్ని వారాలు నిండాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. గుండె జబ్బున్న తల్లుల్లో ఎక్కువమందికి మామూలు కాన్పే తక్కువ శ్రమ అన్న సంగతి చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఇక నొప్పులు మొదలయ్యాక వచ్చే కారణాలు. మొదటి కాన్పులో సిజేరియన్‌కు అతి ఎక్కువగా చెప్పే మాట "కాన్పు ముందుకు సాగలేదు". దీన్ని అర్థం చేసుకోవాలంటే నొప్పుల గడియారం తెలియాలి. ముఖద్వారం మూసి ఉన్న స్థితి నుంచి పది సెంటీమీటర్ల దాకా తెరుచుకోవాలి. తొలి సగం నత్తనడకన సాగుతుంది. వచ్చి పోయే నొప్పులతో ఒక రోజంతా గడిచినా అది జబ్బు కాదు. చాలాకాలం పాటు "గంటకు ఒక సెంటీమీటరు" అన్నది కొలమానంగా ఉండేది. అమెరికా డాక్టర్ ఇమాన్యుయేల్ ఫ్రీడ్‌మన్ 1950ల్లో గీసిన గ్రాఫ్ నుంచి పుట్టిన లెక్క అది. ఆరోగ్యంగా ఉన్న ఎందరో తల్లులు ఆ వేగంతో సాగరని తేలాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఆ లెక్కను మాత్రమే చూసి జోక్యం చేసుకోవద్దని చెప్పింది. అసలైన నొప్పుల దశ అయిదు సెంటీమీటర్లతో మొదలవుతుందనీ, తొలి కాన్పులో అక్కడి నుంచి పన్నెండు గంటల దాకా, ముఖద్వారం పూర్తిగా తెరుచుకున్నాక మూడు గంటల దాకా పట్టవచ్చనీ వివరించింది.

లేబర్ రూమ్‌లో మంచం పక్కన ఉండే ఒక కాగితం ఈ నిర్ణయానికి ఆధారం. దాన్ని పార్టోగ్రాఫ్ అంటారు. 2020 చివర్లో దాని స్థానంలో లేబర్ కేర్ గైడ్ అనే కొత్త పత్రం వచ్చింది. ఒక వరుసలో గంటలు, ఒక వరుసలో బిడ్డ గుండె వేగం, ఇంకో వరుసలో పది నిమిషాలకు ఎన్ని నొప్పులు, ఒక్కో నొప్పి ఎన్ని సెకన్లు, ముఖద్వారం ఎంత తెరుచుకుంది, తల ఎంత దిగింది, ఉమ్మనీటి రంగేమిటి, తల్లి బీపీ ఎంత అన్నవన్నీ నర్సు రాస్తూ పోతుంది. తల్లి పక్కన తోడు మనిషి ఉన్నారా, నీళ్లు తాగుతోందా అన్నది కూడా కొత్త పత్రంలో నమోదు చేస్తారు. ఈ కాగితం నిజాయితీగా నింపితే కాన్పు ఎక్కడ ఆగిందో కళ్ల ముందు కనిపిస్తుంది. ఆరు సెంటీమీటర్లు దాటాక, ఉమ్మనీటి సంచి పగిలాక, నొప్పులు బలంగా ఉన్నా నాలుగు గంటలపాటు కదలిక లేకపోతే, లేదా నొప్పులు బలహీనంగా ఉన్నప్పుడు ఆక్సిటోసిన్ డ్రిప్ పెట్టి ఆరు గంటలు చూసినా ముందుకు సాగకపోతే, కాన్పు ఆగిందనే లెక్క. అంతకు ముందే, మూడు నాలుగు సెంటీమీటర్ల దగ్గర "సాగడం లేదు" అని నిర్ణయించడం తొందరపాటే.

ఇలా ఆగిపోవడానికి ఒక కారణం బిడ్డ తలకూ తల్లి కటి ఎముకకూ పొంతన కుదరకపోవడం. "దారి ఇరుకు, తల పెద్దది" అని నొప్పులు రాకముందే ఎనిమిదో నెలలో చెప్పేస్తుంటారు. చిన్నప్పుడు ఎముకల జబ్బు చేసి కటి వంకరపోయినవారికీ, ప్రమాదంలో కటి ఎముక విరిగినవారికీ అది నిజం కావచ్చు. మిగతావారిలో కొలతలు పెద్దగా ఉపయోగపడవు. నొప్పులతో పాటు కటి కీళ్లు కొంత సడలుతాయి, బిడ్డ తల ఎముకలు ఒకదాని మీదికొకటి జరిగి తల సన్నబడుతుంది. అందుకే పొట్టిగా ఉన్నారన్న ఒక్క కారణంతో నొప్పులకు అవకాశం ఇవ్వకుండా ఆపరేషన్ చేయడం సరికాదు. నొప్పులే ఇక్కడ అసలు పరీక్ష. ఆ పరీక్షలో దారి కుదరదని తేలినప్పుడు మాత్రం సిజేరియన్ వరం. తల ఇరుక్కున్న కాన్పు రోజుల తరబడి నడిచిన చోట బిడ్డలు లోపలే చనిపోయేవారు. తల్లి బతికినా మూత్రాశయానికి చిల్లు పడి, జీవితమంతా మూత్రం కారుతూ వెలివేసినట్టు బతకాల్సి వచ్చేది. ఆపరేషన్ అందని దేశాల్లో ఈ బాధ నేటికీ ఉంది.

బిడ్డ ఇబ్బందిలో పడటం మరో ప్రధాన కారణం. ప్రతి నొప్పికీ గర్భసంచి బిగుసుకుని మాయకు రక్తం కాసేపు తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ దాన్ని తట్టుకుంటుంది. బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాలి. నొప్పి తగ్గాక కూడా వేగం పడిపోయి ఆలస్యంగా కోలుకుంటూ, అదే పదేపదే జరుగుతుంటే ఆక్సిజన్ సరిపోవడం లేదని అనుమానించాలి. ఉమ్మనీరు చిక్కటి ఆకుపచ్చగా మారితే అనుమానం ఇంకా బలపడుతుంది. అయితే గుండె వేగాన్ని ఆపకుండా కాగితం మీద గీసే సీటీజీ యంత్రం లేనిపోని హెచ్చరికలూ చేస్తుంది. ప్రమాదమేమీ లేని గర్భిణులందరికీ దాన్ని తగిలించి ఉంచితే సిజేరియన్లు పెరుగుతాయి గానీ, బిడ్డల్లో మెదడు పక్షవాతం తగ్గదని అధ్యయనాలు చూపించాయి. ఇలాంటి తల్లులకు నర్సు పక్కనే ఉండి పావుగంటకో అరగంటకో ఒకసారి, కాన్పు దగ్గర పడ్డాక అయిదు నిమిషాలకోసారి గుండె చప్పుడు వినడం చాలు. కానీ అలా పక్కనే ఉండే నర్సు కావాలి కదా. ఒక నర్సు చేతిలో అరడజను మంది నొప్పులు పడుతున్న తల్లులుంటే ఈ పద్ధతి సాగదు.

అన్నింటికన్నా హఠాత్తుగా ముంచుకొచ్చేది బొడ్డుతాడు జారిపోవడం. ఉమ్మనీటి సంచి పగిలిన మరుక్షణం, తల ఇంకా దిగకముందే, తాడు ముందుకు జారి బయటికి వస్తుంది. తల దిగి దాన్ని నొక్కితే బిడ్డకు రక్తం ఆగిపోతుంది. అప్పుడు నర్సు గ్లవుజు వేసిన వేళ్లతో లోపలి నుంచి బిడ్డ తలను పైకి నెట్టి పట్టుకుంటుంది. తల్లిని మోకాళ్లూ మోచేతుల మీద వంచి, నడుము ఎత్తుగా ఉండేట్టు ఉంచుతారు. స్ట్రెచర్ ఆపరేషన్ థియేటర్ దాకా వెళ్లినా, మత్తు ఇచ్చినా, డాక్టర్ బిడ్డను పైనుంచి అందుకునేదాకా ఆ నర్సు చెయ్యి తీయదు. ఇలాంటి వేళ నిర్ణయానికీ బిడ్డ పుట్టడానికీ మధ్య 30 నిమిషాలు మించకూడదన్నది బ్రిటన్ పాటించే ప్రమాణం. తల్లీబిడ్డల ప్రాణాలకు వెంటనే ముప్పు లేని అత్యవసరాలకు 75 నిమిషాల దాకా గడువు ఉంది. డాక్టర్ "ఎమర్జెన్సీ" అన్నప్పుడు ఏ రకం ఎమర్జెన్సీయో ఈ తేడా వల్ల తెలుస్తుంది.

ఇప్పుడు సిజేరియన్లలో పెద్ద వాటా ఇంతకు ముందు సిజేరియన్ అయినవారిది. "ఒకసారి కోస్తే ప్రతిసారీ కోతే" అన్నది వందేళ్ల నాటి సూత్రం. గర్భసంచిని నిలువుగా కోసే రోజుల్లో, ఆ మచ్చ నొప్పులకు తట్టుకోలేక చిట్లేది కాబట్టి అప్పటికి అది సబబే. ఇప్పుడు గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోస్తున్నారు. ఒకే ఒక సిజేరియన్, అదీ అడ్డకోతతో అయి ఉంటే, తర్వాతి కాన్పు మామూలుగా కావడానికి ప్రయత్నించినవారిలో నూటికి 60 నుంచి 80 మంది సఫలమవుతున్నారు. మచ్చ చిట్లే ప్రమాదం సుమారు రెండు వందల్లో ఒకరికి. అది తక్కువే గానీ వస్తే తీవ్రంగా ఉంటుంది. కాబట్టి ఏ వేళలోనైనా ఆపరేషన్ చేయగలిగిన, రక్తం అందుబాటులో ఉన్న ఆసుపత్రిలోనే ఈ ప్రయత్నం చేయాలి. మత్తు డాక్టర్ వేరే ఊరి నుంచి రావాల్సిన చిన్న నర్సింగ్ హోమ్ "మళ్లీ సిజేరియనే" అంటే అది ఆ చోటికి న్యాయమైన జవాబే. వేరే పెద్దాసుపత్రి ఉందా అని అడగడం కూడా అంతే న్యాయం.

తొలి సిజేరియన్ బరువు తర్వాతి గర్భాల్లో తెలుస్తుంది. పాత మచ్చ మీద మాయ అతుక్కుని గర్భసంచి కండలోకి చొచ్చుకుపోతే దాన్ని విడదీయడం కష్టం. రక్తం ధారకట్టి, ఒక్కోసారి గర్భసంచినే తీసేయాల్సి వస్తుంది. మాయ కిందికి ఉన్న గర్భిణికి అంతకు ముందు ఒక సిజేరియన్ అయి ఉంటే ఈ ప్రమాదం సుమారు 11 శాతం. రెండు అయి ఉంటే అది 40 శాతానికి చేరుతుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలు కావాలనుకునే దంపతులకు మొదటి కాన్పు దగ్గరే ఈ సంగతి చెప్పాలి.

ఇక వాటంతట అవి కారణాలు కానివి. "పేగు మెడకు చుట్టుకుంది" అన్న మాట వినగానే ఇల్లంతా ఆపరేషన్‌కు ఒప్పుకుంటుంది. పుట్టే బిడ్డల్లో అయిదింట ఒకరికి, అంతకంటే ఎక్కువమందికి కూడా, బొడ్డుతాడు మెడకు ఒక చుట్టు ఉంటుంది. తల బయటికి రాగానే దాన్ని వేలితో తప్పిస్తారు. నొప్పుల్లో బిడ్డ గుండె సరిగ్గా ఉన్నంతవరకు అది ఆపరేషన్‌కు కారణం కాదు. "ఉమ్మనీరు తగ్గింది" అన్నదీ అంతే. నెలలు నిండాక నీరు నిజంగా బాగా తగ్గితే నొప్పులు తెప్పించడం మొదటి మార్గం. నీటితో పాటు బిడ్డ ఎదుగుదల ఆగి, డాప్లర్ పరీక్షలో బొడ్డుతాడు రక్తప్రసరణ దెబ్బతిన్నట్టు తేలితే అప్పుడు కథ వేరు. బిడ్డ బరువు విషయంలో, షుగర్ ఉన్న తల్లికి నాలుగున్నర కిలోలు, లేని తల్లికి అయిదు కిలోలు దాటుతుందనిపిస్తే సిజేరియన్ ఆలోచించమని అమెరికా ప్రమాణాలు చెబుతున్నాయి. మూడున్నర కిలోల బిడ్డ ఆ లెక్కకు రాదు, పైగా స్కానింగులో బరువు అంచనా అటూ ఇటూ అవుతుంది. చాలా ఏళ్లకు, ఐవీఎఫ్‌తో నిలిచిన గర్భాన్ని ప్రెషస్ ప్రెగ్నెన్సీ అంటూ ఆపరేషన్ చేయడం మామూలైంది. దంపతుల ఆత్రం అర్థం చేసుకోదగినదే గానీ, అది వైద్య కారణం మాత్రం కాదు.

ముహూర్తం చూసుకుని ఆపరేషన్ చేయించుకోవడం తెలుగునాట దాచిపెట్టే విషయం కాదు. పంతులుగారు పెట్టిన ఘడియకు థియేటర్ సిద్ధం చేయమని ఇంటిపెద్దలు అడుగుతారు. జాతకం కోసం 37వ వారంలోనే బిడ్డను తీయించేవారున్నారు. వైద్య కారణం లేని సిజేరియన్‌ను 39 వారాలు నిండేదాకా చేయకూడదు. నొప్పులు పడకుండా తొందరగా తీసిన బిడ్డ ఊపిరితిత్తుల్లో నీరు పూర్తిగా ఇంకకపోవచ్చు. పుట్టగానే ఆయాసంతో ఇంక్యుబేటర్‌కు చేరే బిడ్డల్లో ఇలాంటివారు చాలామంది. ఏ మంచి ఘడియా ఆ అవస్థకు సరితూగదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. తెలంగాణలో 60.7 శాతం, ఇది దేశంలోనే అత్యధికం. అక్కడి ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. సిజేరియన్లు పది శాతం దాటాక జనాభా మొత్తం మీద తల్లీబిడ్డల మరణాలు అదనంగా తగ్గవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. నూటికి ఇంత అని లక్ష్యం పెట్టుకోవద్దనీ, అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందేలా చూడాలనీ కూడా అదే ప్రకటన చెప్పింది. నూటికి అరవై మంది తెలంగాణ తల్లులకు కాన్పు దారి మూసుకుపోయిందంటే నమ్మశక్యం కాదు. నొప్పులంటే భయం, నొప్పి తగ్గించే ఎపిడ్యూరల్ అందరికీ అందకపోవడం, లేబర్ రూమ్‌లో తోడు మనిషిని రానివ్వకపోవడం, ఒక్క డాక్టరే రాత్రింబవళ్లు చూసుకోవాల్సిన నర్సింగ్ హోమ్‌లు, ఏదైనా జరిగితే దాడి చేస్తారేమోనన్న డాక్టర్ల బెదురు, డబ్బు — ఇవన్నీ కలిసి ఈ అంకెను పెంచాయి. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు ఆది నుంచి తల్లి పక్కన ఉన్న దేశాల్లో ఈ శాతం తక్కువగా ఉండటం గమనించాలి. తెలంగాణలో నర్సులకు ఈ శిక్షణ ఇప్పటికే మొదలైంది.

డాక్టర్ సిజేరియన్ చేయాలన్నప్పుడు అడగాల్సినవి కొన్నే ఉన్నాయి. తల్లికి ప్రమాదమా, బిడ్డకా? ఇప్పుడే చేయాలా, కొన్ని గంటలు వేచి చూసే వీలుందా? నొప్పులు తెప్పించి చూడవచ్చా? మంచి డాక్టర్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. రక్తస్రావమో, బొడ్డుతాడు జారడమో అయితే ప్రశ్నలకు సమయం లేదు. సంతకం పెట్టి పంపడమే. ఇంటికి వెళ్లేటప్పుడు మాత్రం డిశ్చార్జ్ కాగితంలో రెండు విషయాలు స్పష్టంగా రాయించుకోవాలి: సిజేరియన్ ఏ కారణంతో చేశారు, గర్భసంచి మీద కోత అడ్డంగా పెట్టారా నిలువుగానా. పొట్ట మీద కనిపించే మచ్చను బట్టి లోపలి కోత తెలియదు. రెండో కాన్పులో మామూలు ప్రసవానికి ప్రయత్నించవచ్చో లేదో తేల్చేది ఆ రెండు వాక్యాలే కాబట్టి ఆ కాగితాన్ని బిడ్డ టీకా కార్డుతో పాటు భద్రపరచుకోవాలి.